గుటకల దెయ్యం వంతు

మిల్లు వెనక మలుపులో చీకటి పడ్డాక ఎవరూ నడవరు. అక్కడ భూమి లోపల ఎవరో నీళ్లు తాగుతున్నట్టు చప్పుడొస్తుంది— గుట్... గుట్... గుట్.

దాహంతో చచ్చిన మనిషట. గుక్కెడు నీళ్లడిగితే ఎవరూ పోయలేదట. ఇప్పుడు దారిన పోయేవాళ్ల గొంతులో తడంతా పీల్చేస్తుందట. ఎప్పుడు చచ్చింది, ఎవరింటి మనిషి అని అడిగాను. చెప్పిన నాథుడు లేడు. ఈ ఊళ్లో దెయ్యానికున్న పరపతి బతికున్న ఆడదానికి లేదు. దెయ్యం మాట ఒక్కడూ దాటడు.

ఈ కథ ఊరంతా తిప్పింది నీళ్ల కమిటీ పెద్దాయన. చెప్పిన ప్రతిసారీ కొంచెం కలిపేవాడు. మొదట దెయ్యానికి ముసుగేశాడు. తర్వాత చేతికి ఇనప ఊచ ఇచ్చాడు.

ఈ కథ మొదలైన ఏడాదే పాడుబడ్డ ట్యాంకు బాగుచేసి, కొత్త పైపులేసి, ఇంటింటికీ కుళాయి పెట్టారు. అందరికీ నీళ్లొచ్చాయి— ఆఖరి వీధికి తప్ప. అక్కడ కుళాయి తిప్పితే గాలి బుస్సుమనేది. ఆ వీధిలో నెలలు నిండిన ఓ కోడలు కూడా వాగు దాకా పోయి బురదనీళ్లు మోసుకొచ్చేది.

"సోమవారంలోగా నీళ్లు రాకపోతే ఆ లైనుకి మూత బిగించేస్తా. మిగతా వీధులకైనా సరిగ్గా అందుతాయి" అన్నాడు పైపులేయించిన ఇంజినీరు.

ఆఖరి వీధి ఆడవాళ్లంతా పంపులు బాగుచేసే స్పానరక్కని చుట్టుముట్టారు. ఆమె "చూస్తాలే" అంది. అంతే.

ఇక ఆదివారం రాత్రి సంగతి. విన్నది విన్నట్టే చెబుతున్నా.

ఊరు మాటు మణిగింది. పెద్దాయన ఒంటరిగా మలుపు వైపు వచ్చాడు. రోజూ వస్తాడు. ఊరందరికీ భయం పంచిపెట్టి, తనకంటూ చిటికెడైనా ఉంచుకోని మనిషి మరి!

మిల్లు గోడ దాటాడు... ఆగిపోయాడు.

నేల మీద ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నారు. నెత్తిన ముసుగు. చేతిలో— ఇనప ఊచ. దాని ఒక కొస భూమిలో... రెండో కొస చెవి దగ్గర.

గుట్... గుట్...

ఆ ఆకారం తల తిప్పలేదు. వేలు మాత్రం పైకెత్తింది.

"ష్... కదలకు. తాగుతోంది."

పెద్దాయన మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"నువ్వు లేవు" అన్నాడు గుసగుసగా. "ఒట్టు తల్లీ, నువ్వు లేవు! నిన్ను కల్పించింది నేనే!"

ఆ ఆకారం ఊచని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఆ ఊచ నేనిచ్చిందే! కన్నతండ్రి లాంటివాణ్ణి... నన్నొదిలెయ్!"

"ఎందుకు కల్పించావు?"

"ఎవరూ ఇటు రాకుండా... ఇక్కడ్నించి పైపు... మా తోటకి..."

"ఎన్నంగుళాలు?"

ఏ దెయ్యమైనా అంగుళాలడుగుతుందా? బుర్రున్నవాడికి అక్కడే అనుమానం రావాలి.

"ఒకటి."

ఊచ భూమిలోకి ఇంకాస్త దిగింది.

"రెండు! రెండు తల్లీ!"

ముసుగు తొలగింది. స్పానరక్క!

"లే బాబాయ్. పార తెచ్చాను, తవ్వు."

ఊరంతా కుళాయిలు కట్టేసి పడుకున్నాక పైపుల్లో నీళ్లు కదలకూడదు. కదిలాయంటే ఎక్కడో పోతున్నట్టే. పైపు మీద ఊచ ఆనించి చెవి పెడితే ఆ చప్పుడు వినిపిస్తుంది. అందుకే అక్క రాత్రిపూట వచ్చింది. పెద్దాయన పైపు అతుకే ఇన్నాళ్లూ గుటకలు వేసింది. మట్టి చెదిరి పైపు బయటపడిందేమోనని ఆయన రోజూ చూసుకుని పోయేవాడు.

తెల్లారేసరికి పైపు ఊడింది. ఆఖరి వీధి కుళాయి దగ్గింది, తుప్పు ఉమ్మింది... ఆ తర్వాత నీళ్లు! ఆ కోడలు బిందె పెట్టి, పక్కనే చతికిలబడి, అది నిండి పొర్లేదాకా లేవలేదు. ఇంజినీరు తెచ్చిన మూత జేబులోనే ఉండిపోయింది.

పెద్దాయన్ని కమిటీ నుంచి దింపేశాం. కానీ ఒక పైపు పీకితే ఇంకోడు పెట్టడని ఏముంది? అందుకే ట్యాంకు గోడ మీద ఆడవాళ్లం వంతులు రాసుకున్నాం. ట్యాంకు కడగడం. నీళ్లలో మందు కలపడం. వాషర్లు మార్చడం. ఆఖరి గడిలో— దెయ్యం. ఊచా, ముసుగూ ట్యాంకు గదిలో మేకుకి వేలాడుతుంటాయి. వారానికొకరం.

ఈ వారం వంతు నాది.

కుళాయిలు కట్టేసి పడుకోండి. వింటుంటాను.