చల్లారని కణుపులు

"పొయ్యిలోంచి తీసి తెచ్చావేటి ఈ చేతులు?"

తెర మీద సోని చేతులు రెండూ నిప్పుల్లా వెలుగుతున్నాయి. ఫల్గుణ నవ్వాపుకోలేకపోతున్నాడు. డుంబ్రిగుడలో పెట్టిన కీళ్లవాపుల శిబిరం అది. ఒంటి వేడిని రంగుల్లో చూపించే కెమెరాకి అతనే టెక్నీషియన్. వేడిగా ఉన్నచోట ఎరుపు, చల్లగా ఉన్నచోట నీలం.

నిజంగానే సోని పొయ్యి దగ్గర కాచుకుని వచ్చింది. తెల్లారేసరికి వేళ్లు కొయ్యబారిపోతాయి. కాచుకుంటే గానీ జడ అల్లుకోలేదు. ఆ మాట ఇతనికెలా చెబుతుంది? పోయిన సంతలో జీపు ఎక్కుతుంటే చెయ్యి అందించాడు. పట్టుకున్నట్టే పట్టుకుని, నొప్పికి తాళలేక చటుక్కున లాక్కుంది. అతను ముఖం మాడ్చుకున్నాడు. జబ్బని తెలిస్తే అసలు దగ్గరికే రాడేమోనని ఆమె నోరు విప్పలేదు.

"చల్లారాలి. పావుగంట కూర్చో. చేతులు దేనికీ తగలనివ్వకు."

"ముక్కు దురదేస్తే?"

"నన్ను పిలువు, గోకుతాను."

వెనక వరసలో కూర్చున్న సోని మేనత్త అచ్చియమ్మ పకపకా నవ్వింది. "ఓరి గుంటడా! కెమెరా సూత్తన్నావా, మా గుంటని సూత్తన్నావా?"

"రెండూనే అత్తా!"

రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. సోని చెంప మీదికి వెంట్రుకలు జారాయి. తోసుకోవడానికి లేదు. ఫల్గుణ చూశాడు, గబుక్కున కెమెరా తుడవడంలో పడ్డాడు.

"నా మీద కోపమా?" మెల్లగా అడిగింది.

"నాకేటి కోపం? ఇష్టం లేనోళ్ల వెంటపడేవోణ్ణి కాదు."

కాదని సోని చెప్పేలోపే పావుగంట అయిపోయింది.

రెండో బొమ్మలో మణికట్లు నీలం. వేళ్ల కొసలు నీలం. రెండు చేతుల్లోనూ చూపుడువేలి, నడిమివేలి కణుపులు మాత్రం పండుమిరపకాయల్లా ఎర్రగానే ఉన్నాయి.

ఫల్గుణ నవ్వు ఆగిపోయింది. "ఎన్నాళ్ల నుంచి సోనీ?"

"పోయిన కాఫీ కోతల నుంచి."

"అయితే ఆవేళ జీపు దగ్గర..."

"నువ్వు గట్టిగా నొక్కేశావు, ప్రాణం పోయినట్టయింది. నువ్వంటే ఇష్టం లేక కాదు!"

గది గదంతా విన్నది. చేతులు ఇంకా దేనికీ తగలనివ్వకూడదేమోనని, సిగ్గేసినా ఆమె ముఖం కప్పుకోలేదు.

డాక్టరమ్మ వచ్చి తెర చూసింది. "బొమ్మ ఒక్కటే చాలదమ్మా, రక్తపరీక్ష కూడా చేద్దాం. కీళ్లవాతమని తేలినా భయం లేదు. తొందరగా వచ్చావు, మందులకి అదుపులో ఉంటుంది."

ఆమె వెళ్లాక సోని అడిగింది. "మీ అమ్మకి ఇలాంటి చేతులు పనికొస్తాయా?"

"మా అమ్మకి కావాల్సింది కోడలు. కాఫీ పళ్లు కోసే మిషను కాదు."

అంటూనే అతను మళ్లీ తెరలోకి తొంగిచూశాడు.

"ఏటి వెతుకుతున్నావు?"

"నొప్పి లేని చోటు."

నీలంగా ఉన్న మణికట్టుని, పిట్టపిల్లని పట్టుకున్నంత మెత్తగా పట్టుకున్నాడు. "ఇక్కడ?"

"ఇక్కడ నొప్పి లేదు," అంది సోని. "బేగి వదిలెయ్యకు."