చూపుగుంజలకు నల్లగుడ్డలు

తూము మెట్ల మీద పాచి గోకుతున్న సుభాషిణికి తలపైన గొట్టంలోంచి, తూములు నడిపే యంత్రం జలపాలి గొంతు వినిపించింది. రోజూ మధ్యాహ్నం అది గూళ్ళ లెక్క చెబుతుంది, తూము కాపరిగా ఆమె ఊఁ కొడుతుంది. ఇవాళ ఊఁ కొట్టబోయి ఆగిపోయింది.

"కొల్లేరులో గూళ్ళు లేవు. వలస పక్షిదారి ఒప్పందం కింద రక్షణ రద్దయింది. పొద్దుగూకగానే తూము తెరిచి నీళ్ళు నగరాలకు వదులుతాం."

గూళ్ళు లేకపోవడమేమిటి! పొద్దున పడవలో వస్తూ గూడబాతు పిల్లల గోల చెవులారా విన్నది. నీళ్ళు తీస్తే చెట్ల కింద నేల తేలుతుంది, అడవిపిల్లులు నడిచొస్తాయి. ఎగరలేని పిల్లల్లో ఒక్కటీ మిగలదు. గబగబా పడవ తోసింది.

గూళ్ళు లెక్కపెట్టడానికి సరస్సులో నిలబెట్టిన, కెమెరా కళ్ళున్న చూపుగుంజలన్నిటికీ నల్లగుడ్డలు, వాటి మీద సున్నపు బొట్లు. చివరి గుంజ ముడి బిగిస్తున్నది ఎవరో కాదు, మేనత్త పోలమ్మ.

"ఎంత పని చేశావత్తా!"

"అరవకే, పసిబిడ్డలు బెదురుతాయి. పురిటికొచ్చిన పిట్టల్ని రెప్పెయ్యకుండా చూస్తంది ఈ మాయదారి కన్ను. పసికూనల్ని ఎవరన్నా లెక్కెడతారంటే? దిట్టి కొట్టదూ?"

సుభాషిణికి కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. దిష్టి తగలకూడదని ముసల్ది కొంప ముంచింది. గుడ్డలన్నీ పీకి పారేసి, మణికట్టు పలకలోకి అరిచింది. "ఇప్పుడు చూడు!"

"చూస్తున్నానండి. మళ్ళీ పక్షం రోజులు చూస్తేనే కొత్త లెక్క చెల్లుతుంది," అంది జలపాలి మర్యాదగా.

"నా కళ్ళతో చూశాను. నా మాట చాలదా?"

"మాట కొలత కాదండి."

ఇన్ని దేశాలు కూడబలుక్కుని ఇచ్చిన రక్షణ ఇది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే మరి.

తూము దగ్గరికి తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. తలుపు లోపల ఇనుము కదిలింది. సుభాషిణి చెప్పులు విడిచి, చీర ఎగదోపుకుని, తూము ముందున్న కాలువలోకి దిగింది. కాలువలో మనిషి ఉండగా తలుపు లేవకూడదన్నది జలపాలికి నీటి మండలి రాసిపెట్టిన మొదటి సూత్రం. దాన్ని ఇంతవరకూ ఎవరూ పరీక్షించి చూడలేదు. ఉద్యోగం ఎలాగూ పోతుంది, ప్రాణం సంగతే తెలియదు.

వెనక నీళ్ళ చప్పుడైంది. పోలమ్మ మెట్లు పట్టుకుని దిగుతోంది.

"నువ్వెందుకత్తా?"

"చేసింది నేనైతే, మునిగేది నువ్వా? జరుగు."

తలుపు కీచుమని ఆగింది.

"దయచేసి బయటికి రండి," అంది జలపాలి. ఇద్దరూ కదల్లేదు. "నీటి విడుదల నిలిచిపోయింది. దిగువ తూములన్నీ ఆదేశం అడుగుతున్నాయి. ఎప్పుడొస్తారో చెప్పండి."

"పిల్లలకు రెక్కలొచ్చాక," అంది సుభాషిణి.

తన లెక్కలో లేనిదాని గురించి ఎన్నడూ అడిగి ఎరగని జలపాలి గొంతు మెల్లగా అడిగింది.

"ఏ పిల్లలకండీ?"