మామగారి మెడ, కోడలి చేతులు

ఆ రోజు పొద్దున టీ గ్లాసు పగిలింది. ఆ వారంలో అది మూడోది.

"ఈ గ్లాసులు మరీ నున్నగా చేస్తున్నారే. చేతిలో నిలవడం లేదు," అన్నాడు ఇంటి పెద్దాయన, కింద పడ్డ గాజుముక్కల వైపు చూడకుండానే.

"అవునండీ. మీ చేతిలోనే జారతాయి, మా చేతుల్లో మాత్రం బుద్ధిగా కూర్చుంటాయి," అంది భార్య, చీపురు తెస్తూ.

ఆయన కిందికి చూడలేదు అన్నానా, చూడలేకపోయాడు అనాలి. కొన్నాళ్లుగా మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పుతున్నాడు, బీరువా జరిపినట్టు. ఎవరైనా అడిగితే దిండు మీద తోసేసేవాడు. దిండు మార్చారు, పరుపు మార్చారు, మంచం గోడ వైపుకి తిప్పారు. మెడ మాత్రం అలాగే ఉంది.

ఆయనది సెలూన్. వీధి మలుపులో రెండు కుర్చీల షాపు. ఒక కుర్చీ ఆయనది, రెండోది కొడుకుది. కత్తెర పట్టి నలభై ఏళ్లు దాటింది. కటింగ్ బాగా చేసేవాళ్లు ఆ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు గానీ, జనం ఈయన దగ్గరికే రావడానికి వేరే కారణం ఉంది. కటింగ్ అయ్యాక తెల్లగుడ్డ దులిపి, ఒక చెయ్యి గడ్డం కింద, ఒక చెయ్యి తల వెనక పెట్టి, "ఊపిరి వదులు" అని ఒక్క విసురు. మెడలో కటుక్కుమనేది. తర్వాత రెండో పక్క, మళ్లీ కటుక్కు. కుర్చీలో మనిషి కళ్లు మూసుకుని "హమ్మయ్య" అనేవాడు. వాళ్ల నాన్న దగ్గర ఈయన నేర్చుకున్నాడు, ఈయన దగ్గర కొడుకు నేర్చుకున్నాడు.

ఇక కోడలి సంగతి. కొడుక్కి రోజంతా నిలబడి నడుం పట్టేస్తే, ఎవరో చెప్పారని ఒక వైద్యశాలకి వెళ్లాడు. అక్కడ మెడ, నడుం నొప్పులకి చేతులతోనే నెమ్మదిగా వైద్యం చేసే అమ్మాయి ఉంది. ఆరు వారాల్లో నడుం బాగైంది, ఏడాదిలో పెళ్లయింది. "నడుం నొప్పని వెళ్లి పెళ్లాంతో తిరిగొచ్చాడు మా వాడు," అని పెద్దాయన షాపులో చెప్పి నవ్వించేవాడు.

ఆ చదువు పేరు కైరోప్రాక్టిక్ అట. ఆ మాటకి నోరు తిరగడానికి అత్తగారికి రెండు నెలలు పట్టింది. మామగారు ప్రయత్నం కూడా చెయ్యలేదు. ఇంటి ముందుగదిలో కోడలు పొడుగాటి మెత్తటి బల్ల వేసుకుంది. ముఖం పెట్టుకోవడానికి బల్లకి ఒక చివర చిన్న ఖాళీ ఉంటుంది. వచ్చినవాళ్లని ముందు కూర్చోబెట్టి మాట్లాడించేది. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎటు తిరిగితే ఎక్కువ, రాత్రి ఎటు పడుకుంటారు, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా అని. ఆ తర్వాతే చేతులు వేసేది. అవి కూడా, పిండి తడిసిందో లేదో చూసినట్టు, అంత నెమ్మదిగా.

"అడగడానికే అరగంటా? అది ఆసుపత్రా, పోలీసు స్టేషనా?" అనేవాడు మామగారు. "కటుక్కుమనకుండా మెడ బాగుపడటం ఏంటమ్మా? తలుపు మూసినా చప్పుడవుతుంది!"

కోడలు నవ్వి ఊరుకునేది. ఒకటి రెండుసార్లు మాత్రం, "మామయ్యా, అందరి మెడా ఒకేలా ఉండదు. ఆ విసురు కొంచెం మానండి," అంది. ఆయన ముఖం ముడుచుకునేసరికి మళ్లీ ఎత్తలేదు.

గ్లాసు పగిలిన రోజే, షాపులో మొదటి బేరం లారీ డ్రైవరు. పదిహేనేళ్ల నుంచి వస్తున్న మనిషి. ముఖమంతా నురగ పెట్టుకుని, కళ్లు మూసుకుని, దారిలో ఎవరో తనని ఎలా ఓవర్‌టేక్ చేశారో చెబుతున్నాడు. పెద్దాయన గడ్డం కత్తి చెంప మీదికి తెచ్చాడు. అంతే, కత్తి వేళ్లలోంచి జారి డ్రైవరు ఒళ్లో పడింది.

గాయం కాలేదు. తెల్లగుడ్డ మడతలో చిక్కుకుంది. పెద్దాయన తన కుడిచేతిని, అదేదో పరాయివాళ్ల చెయ్యి అయినట్టు చూసుకున్నాడు.

"ఏంటి గురువుగారూ, నా మీద కోపమా?" అని డ్రైవరు నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. మిగిలిన గడ్డం కొడుకు గీశాడు. గీసి, కత్తి కడిగి, తండ్రి భుజం పట్టుకున్నాడు.

"నాన్నా, ఇంటికి పద. మీ కోడలికి ఒక్కసారి చూపించు. నా కోసం."

పెద్దాయన ఆ కత్తి వైపు చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు. కత్తి పట్టలేకపోతే తనెవరు? ఆ చెయ్యి లేకపోతే రేపటి నుంచి పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలి? ఆ భయమే ఆయన్ని కదిలించింది.

"సరే పద. మీ ఆవిడ గొప్పతనం ఏంటో చూద్దాం. నువ్వూ రావయ్యా డ్రైవరూ, సాక్ష్యానికి."

ముందుగదిలో అప్పటికే ఇద్దరు ఆడవాళ్లు వంతు కోసం కూర్చున్నారు. అత్తగారు వంటింట్లోంచి తొంగి చూసింది. పెద్దాయన మధ్యలో కుర్చీ వేయించుకుని రాజుగారిలా కూర్చున్నాడు.

"చెయ్యమ్మా. ఇంతకాలం నిన్ను వెక్కిరించాను. ఇవాళ అందరి ముందూ నా మెడ నీకు అప్పగిస్తున్నా."

కోడలి కళ్లు మెరిశాయి. మూడేళ్ల నుంచి ఈ మాట కోసం చూస్తోంది పిల్ల. దగ్గరికొచ్చి, "నా రెండు వేళ్లూ గట్టిగా నొక్కండి మామయ్యా," అంది. నొక్కాడు. ఎడమచెయ్యి ఇనుపపట్టు. కుడిచెయ్యి పసిపాప పట్టు. కళ్లు మూసుకోమని వేళ్ల చివర్లు ఒక్కొక్కటే తాకింది. రెండు వేళ్లు తాకినా ఆయనకి తెలియలేదు. చిన్న రబ్బరు సుత్తితో మోచేతి దగ్గర తట్టింది. మళ్లీ తట్టింది. ఆమె ముఖంలో మెరుపు మెల్లిగా ఆరిపోయింది.

"నేను చెయ్యను మామయ్యా," అంది.

"ఏంటీ?"

"మీ మెడ మీద ఇప్పుడు నేను చెయ్యి వెయ్యను. ఎవరూ వెయ్యకూడదు. ముందు ఎముకల డాక్టరు చూడాలి, లోపల ఫొటో తియ్యాలి. ఇప్పుడే వెళ్దాం."

పెద్దాయన ముఖం ఎర్రబడింది. "దారిన పోయేవాళ్ల మెడలకి పనికొచ్చిన చేతులు నా మెడకి పనికిరావా? నాలుగు మాటలన్నానని ఇలా తీర్చుకున్నావా? అందరి ముందూ తల వంచితే, తల వద్దంటావా?"

"అది కాదు మామయ్యా..."

"చాల్లే!" లేచాడు. వెనక్కి తిరిగి చూడకుండా, చూడలేడు కదా పాపం, నేరుగా షాపుకి నడిచాడు.

వెనకే కొడుకు పరిగెత్తాడు. షాపులో పెద్దాయన తన కుర్చీలో తనే కూర్చుని ఉన్నాడు. తెల్లగుడ్డ మెడకి చుట్టుకున్నాడు.

"తిప్పరా."

"నాన్నా..."

"నేను నేర్పిందే కదా? మా నాన్న నాకు ఇచ్చింది, నేను నీకు ఇచ్చాను. రెండు పక్కలా కటుక్కుమంటే అదే సర్దుకుంటుంది. తిప్పు. లేకపోతే ఈ షాపులో నువ్వు నా కొడుకువి కావు."

కొడుకు చేతులు లేచాయి. ఒకటి గడ్డం కింద, ఒకటి తల వెనక. చేతులకి దారి తెలుసు, ఇన్నేళ్ల అలవాటు. గుమ్మంలో పెళ్లాం ఆయాసపడుతూ నిలబడి ఉంది. "వద్దండీ," అంది. గట్టిగా కూడా అనలేదు. "మీ కాళ్లు పట్టుకుంటాను, వద్దు."

అద్దంలో కొడుక్కి తండ్రి ముఖం కనిపిస్తోంది. ఆ ముఖం "ఊఁ" అంటోంది. కొడుకు ఆయన తల వదిలేశాడు.

"నా వల్ల కాదు నాన్నా."

"చూశావా! మీ ఆవిడ మాటే..."

"ఆపండి ఇంక!"

ఆ కేక అత్తగారిది. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చింది. చేతిలో ఇంకా గరిటె ఉంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ఆ షాపులో గొంతెత్తడం అదే మొదలు.

"మీకొక సంగతి చెప్పాలి. ఆర్నెల్లుగా, మీరు షాపుకి రాగానే నేను వెళ్లి ఆ బల్ల మీద పడుకుంటున్నాను. నా మెడ చూడమ్మా, నా నడుం చూడమ్మా అని నేనే అడిగాను కోడల్ని. పక్కకి తిరిగి పడుకోవడం అంటే ఏమిటో మర్చిపోయిన దాన్ని, ఇప్పుడు తెల్లారేదాకా పడుకుంటున్నా. పైన అటక మీద డబ్బా నేనే దించుకుంటున్నా. ఎవరు దించారని మీరు ఒక్కరోజైనా అడిగారా?"

పెద్దాయన నోరు తెరిచాడు. "మరి ఇంట్లో నేను నీ మెడ విరిచినప్పుడల్లా హమ్మయ్య అనేదానివిగా?"

"అనేదాన్ని. నొప్పి తగ్గి కాదు. మీరు వదిలిపెట్టినందుకు."

గుమ్మంలో నిలబడ్డ లారీ డ్రైవరు నవ్వాపుకోలేక దగ్గాడు. అత్తగారు ఆగలేదు. కన్నీళ్లు మాత్రం జారిపోతున్నాయి.

"రెండు రోజులు తల తిరిగేది నాకు. చెబితే చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదు. తప్పు నాదే. ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే ఇవాళ మీరు ఈ కుర్చీలో ఇలా మొండికేసి కూర్చునేవారు కాదు. ఈ పిల్ల నా ఒంటి మీద చెయ్యి వేసేముందు ఎన్ని అడిగిందో తెలుసా? మీకు చెయ్యనందంటే, అది పగ కాదండీ. భయం. దాని ముఖం చూడండి ఒకసారి."

పెద్దాయన కుర్చీతో సహా తిరిగి చూశాడు. గుమ్మం పట్టుకుని నిలబడ్డ కోడలి ముఖం నిజంగానే పాలిపోయి ఉంది. తన సొంత తండ్రి గోడ అంచున నిలబడితే చూస్తున్నట్టుంది.

ఆయన నెమ్మదిగా తెల్లగుడ్డ విప్పాడు. ఒంటిచేత్తో మడత పెట్టలేకపోతే కోడలు వచ్చి రెండో కొస పట్టుకుంది.

"పద," అన్నాడు.

ఆసుపత్రిలో ఫొటోలు తీశారు. ఎముకల డాక్టరు ఆ నల్లటి బొమ్మని వెలుతురుకి పెట్టి చూపించాడు. మెడలో రెండు పూసల మధ్య ఉండే మెత్త జారి, చేతికి వెళ్లే నరాన్ని నొక్కేస్తోందట.

"మీ మెడని ఎవరైనా పట్టుకుని విసురుగా తిప్పారా ఈమధ్య?"

"లేదు. తిప్పబోయారు," అన్నాడు పెద్దాయన.

"తిప్పి ఉంటే చెయ్యి పూర్తిగా పడిపోయేదేమో. అంతకంటే పెద్ద ప్రమాదమే జరిగేదేమో. ఇంకా ఆలస్యం కాకుండా వచ్చారు. మిమ్మల్ని పంపిందెవరు?"

"మా కోడలు," అన్నాడు ఆయన. ఒక క్షణం ఆగి, "డాక్టరు," అని చేర్చాడు.

పక్కన కూర్చున్న కోడలు కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

మందులు, మెడకి పట్టీ, బరువులెత్తొద్దు, కత్తి పట్టొద్దు. రెండు నెలలు. ఆ రెండు నెలలూ ఆయన షాపులో స్టూలు మీద కూర్చుని కబుర్లు చెప్పేవాడు. ఎవరైనా "కటుక్కు లేదా?" అని అడిగితే, "అది మానేశాం. మెడ నొప్పైతే మా కోడలి దగ్గరికెళ్లు. అరగంట ప్రశ్నలడుగుతుంది. అన్నిటికీ నిజం చెప్పు," అనేవాడు. లారీ డ్రైవరు మొదట అలిగాడు. తర్వాత వెళ్లాడు. సీటు వెనక్కి ఎలా సర్దుకోవాలో కూడా నేర్పి పంపిందట ఆ పిల్ల.

నరం మీద ఒత్తిడి తగ్గింది, వేళ్లకి పట్టు వచ్చింది. ఇక మెత్తగా చెయ్యొచ్చని ఎముకల డాక్టరు కాగితం రాసిచ్చాడు. మర్నాడు పొద్దున పెద్దాయన ముందుగదిలో బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. కోడలు తలవైపు కూర్చుని, రెండు అరచేతులూ ఆయన తల కింద పెట్టింది.

"తల బరువు నాకు వదిలెయ్యండి మామయ్యా."

"వదిలేశానుగా."

"లేదు. ఇంకా మీరే పట్టుకుని ఉన్నారు."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ మీరే. తొందరేం లేదు."

గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఆమె లాగలేదు, నొక్కలేదు, ఊరికే పట్టుకుని కూర్చుంది. కొంతసేపటికి, ఎప్పుడో ఏమో, ఆయన తల ఆమె చేతుల్లోకి దిగింది. వేళ్లతో మెడ పక్కన బిగుసుకున్న చోట్లు వెతికి, ఒక్కొక్క దాని దగ్గరా ఆగి, అది కరిగేదాకా కూర్చుంది. వెల్లకిలా పడుకున్న మనిషి కన్నీళ్లు చెవుల్లోకే పోతాయి కదా. తడి చేతికి తగిలి ఆమె ఆగింది.

"నొప్పిగా ఉందా మామయ్యా?"

"లేదమ్మా. ఇన్ని వేల తలలు పట్టుకున్నాను. నా తల ఇలా ఎవరూ పట్టుకోలేదు." "ఒకటి అడుగుతాను, దాచకు. ఈ చేతులతో ఎవరికైనా చెడు చేశానంటావా? ఎవరైనా ఇంటికెళ్లి బాధపడి, నాకు చెప్పకుండా ఉండిపోయారంటావా? మీ అత్తలాగా?"

ఇంకెవరైనా అయితే అబ్బే, లేదులెండి అనేవాళ్లు. ఆ పిల్ల అలా అనలేదు.

"తెలీదు మామయ్యా," అంది మెల్లిగా. "అయి ఉండొచ్చు. కానీ మీరు ఎవరికీ చెడు చెయ్యాలనుకోలేదు. తెలిసిన రోజునే ఆపేశారు. అంత తొందరగా ఆపేవాళ్లు తక్కువ."

ఆయన కుడిచేతి వేళ్లు ఒకసారి ముడిచి తెరిచాడు.

"ఆ రోజు నాకు చెయ్యను అన్నావే, అందరి ముందూ. అది నాకు ఎవరూ చెయ్యని మేలమ్మా. నాకు అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది."

"నాక్కూడా చెయ్యాలనే ఉండింది మామయ్యా. అంత మంది ముందు మీరు అప్పగించారు కదా. వెనక్కి తియ్యడానికి ప్రాణం పోయింది."

బయట వంతు కోసం వచ్చిన ఒకావిడ ఇంకెంతసేపు అంటోంది. "కాస్త కూర్చోండమ్మా, లోపల మా ఆయన ఉన్నాడు," అంటోంది అత్తగారు, ఆ మాట చెప్పడంలోనే ఒక సంబరం ఉన్నట్టు.

కోడలు చేతులు తియ్యబోయింది.

"ఇంకో రెండు నిమిషాలు," అన్నాడు ఆయన, కళ్లు మూసుకుని. "అలాగే పట్టుకో తల్లీ."

ఆమె పట్టుకుంది.