చాక్‌పీసు గీతకి లొంగని వ్యాను

చీకటి పడ్డాక ఆ సందులోకి టాక్సీవాళ్ళు రారు. మలుపు దగ్గరే ఆపేసి, "ఇక్కణ్ణుంచి నడిచి వెళ్ళండి, మీ ధైర్యం మీది" అంటారు.

కారణం ఒక వ్యాను. ఎప్పుడో ఎవరో వదిలేసి పోయిన బూడిదరంగు సరుకుల వ్యాను. నంబరు ప్లేటు లేదు. అద్దాల నిండా దుమ్ము. ముందు తలుపులు రెండూ తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. అయినా అది... తిరుగుతుంది.

రాత్రి పొద్దుపోయాక టైలరింగ్ షాపు ముందు ఉన్నది తెల్లారేసరికి లాండ్రీ ముందు ఉంటుంది. మర్నాటి రాత్రి మళ్ళీ టైలరింగ్ షాపు ముందు. ఇంజను చప్పుడు ఎవరూ వినలేదు. తెల్లటి ఆకారం ఒకటి దాని వెనకే తేలుతూ పోవడం మాత్రం కొందరు చూశారట. చూసినవాళ్ళ దగ్గర విన్నవాళ్ళు ఇంకా గట్టిగా చెబుతారు.

ఆ వ్యానుకి అందరికన్నా ఎక్కువగా హడలిపోయినవాడు నగర కార్యాలయంలో వదిలేసిన బళ్ళు చూసే ఇన్‌స్పెక్టరు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆయన వెళ్ళి, బండి టైరు మీదా, దాని కిందున్న రోడ్డు మీదా కలిపి చాక్‌పీసుతో ఒకే గీత గీస్తాడు. వారం పోయాక వచ్చి చూస్తాడు. గీత కలిసే ఉంటే బండిని ఎవరో వదిలేసినట్టు, లాక్కుపోతారు. గీత తప్పితే బండిని ఎవరో వాడుకుంటున్నట్టు, ఫిర్యాదు కొట్టేస్తారు. అందుకే ఆయన్ని అందరూ చాక్‌పీసు సారు అంటారు.

ఈ ఒక్క వ్యాను కోసం ఆయన అరగదీసిన చాక్‌పీసులతో ఒక బడి నడపొచ్చు. ఒక్క గీతా నిలవలేదు.

చివరికి పై అధికారి విసుగెత్తిపోయాడు. "కదలని బళ్ళని పట్టుకోవడమే కదయ్యా నీ పని! ఈసారి కూడా గీత తప్పిందంటే నిన్ను మురుగుకాలవల విభాగంలో పడేస్తాను."

చాక్‌పీసు సారు ముక్కు మహా సుకుమారం. వీధి చివర చెత్తబుట్ట కనిపిస్తే చాలు, అత్తరు చల్లిన రుమాలు బయటికి తీస్తాడు. అలాంటివాడికి కాలవలు!

ఆ సాయంత్రమే సందుకి పరిగెత్తాడు. వ్యాను లాండ్రీ ముందుంది. టైలరమ్మా, లాండ్రీ ఆయనా ఇద్దరూ బయటికొచ్చారు. వాళ్ళు వియ్యాలవారు. ఈవిడ కూతుర్ని ఆయన కొడుక్కిచ్చారు. ఇద్దరి మర్యాదా చూస్తే ఎదుటివాళ్ళకి ఆయాసం వస్తుంది.

"పాపం, అన్నయ్యగారి గుమ్మానికి అడ్డం వచ్చింది సార్, చూడలేకపోతున్నాను" అంది టైలరమ్మ.

"నాదేముంది చెల్లెమ్మగారూ, మీ గుమ్మం ముందున్నప్పుడే నాకు ముద్ద దిగదు" అన్నాడు లాండ్రీ ఆయన.

చాక్‌పీసు గీత గీశాడు. ఇంటికెళ్ళి, ఆ రాత్రి వ్యానులోనే కాపలా పడుకుంటానని భార్యతో చెప్పాడు. ఆవిడ టార్చిలైటు చేతికిచ్చి, "దెయ్యం కనిపిస్తే నాకు మాత్రం ఫోన్ చెయ్యకండి, నిద్ర పాడవుతుంది" అంది.

వ్యాను వెనక తలుపొక్కటే తెరుచుకుంటుంది. ముందున్న డ్రైవరు గదికీ, వెనక సరుకుల గదికీ మధ్య ఇనప రేకు. చాక్‌పీసు వెనకాల ఎక్కి, తలుపేసుకుని, పాత గోనెల మీద ముడుచుకుని కూర్చున్నాడు. పక్కనున్న చిన్న అద్దాన్ని కొంచెం తుడుచుకున్నాడు.

చీకటి... చిమ్మచీకటి.

ఊరు సద్దుమణిగింది. ఎక్కడో తలుపు కిర్రుమంది. వ్యాను వెనక ఎవరో భారంగా ఊపిరి పీల్చారు... ఒక మూలుగు...

వ్యాను కదిలింది!

చాక్‌పీసు గోనెల మీంచి లేచాడు. అద్దంలోంచి చూశాడు. రోడ్డు మీదికి పొడుచుకొచ్చిన కరెంటు స్తంభం దగ్గరికొస్తోంది... ఇంకా దగ్గరికి... గుద్దేస్తుందనుకుని కళ్ళు మూసుకున్నాడు. వ్యాను మెత్తగా పక్కకి ఒరిగి, స్తంభాన్ని తప్పించుకుని, మళ్ళీ తిన్నగా వెళ్ళి ఆగింది.

నిశ్శబ్దం. దిగి పారిపోదామంటే కాలవలు గుర్తొచ్చాయి.

చాలాసేపటికి ఈసారి ముందువైపు నుంచి మూలుగు... వ్యాను వెనక్కి కదిలింది. మళ్ళీ అదే స్తంభం, మళ్ళీ అదే ఒడుపు.

ఇక ఆయనవల్ల కాలేదు. "బాబోయ్!" అని కేకపెట్టాడు. ఖాళీ వ్యానులోంచి కేక వినపడేసరికి బయట మూలిగిన గొంతు "అమ్మోయ్!" అంది. ఆ కేకకి లాండ్రీలోంచి తెల్లటి ఆకారం ఊడిపడి, "దెయ్యం! దెయ్యం!" అని అరిచింది.

దెయ్యం దెయ్యమని అరవడమేమిటి? చాక్‌పీసుకి అనుమానమొచ్చింది. మెల్లిగా దిగి టార్చి వేశాడు. ఒంటినిండా ఉతికిన దుప్పటి కప్పుకుని లాండ్రీ ఆయన. వ్యాను ముందర, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని టైలరమ్మ.

తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరూ నేల చూపులు చూశారు.

"మా గుమ్మం ముందుంటే బేరాలు రావడంలేదని... రోజూ అటు తోసేవాణ్ణి" అని లాండ్రీ ఆయన నీళ్ళు నమిలాడు. "తెల్లారేసరికి తిరిగొచ్చేది. దెయ్యమే తెస్తోందనుకున్నాను. మీరా చెల్లెమ్మగారూ?"

"నేనూ అదే అనుకున్నాను అన్నయ్యగారూ! మిమ్మల్ని నోరు తెరిచి అడిగితే పిల్లల కాపురంలో కలతలొస్తాయని..." టైలరమ్మ చేతులు జోడించింది. "సార్, పిల్లలకి మాత్రం చెప్పకండి. మీ కాళ్ళు పట్టుకుంటాం."

చాక్‌పీసుకి కోపం రాలేదు. ఆనందంతో కళ్ళనీళ్ళొచ్చాయి. "చెప్పను తల్లీ! వారం రోజులు మీరిద్దరూ దీని జోలికి పోకండి. దీని పీడా వదులుతుంది, నాకు కాలవలూ తప్పుతాయి."

ఇద్దరూ ఇక దాని మీద చెయ్యి వెయ్యబోమని మాటిచ్చారు. చాక్‌పీసు కూనిరాగం తీస్తూ, టార్చి వెలుగులో టైరు మీద కొత్త గీత గీశాడు. లేచి నిలబడి చేతులు దులుపుకుంటుంటే స్తంభం కంటబడింది. కూనిరాగం ఆగిపోయింది.

"అది సరే... తోసేటప్పుడు లోపల స్టీరింగు పట్టుకునేదెవరు?"

"ఎవరూ లేరండీ. నేను వెనకనుంచి తోస్తానంతే" అన్నాడు లాండ్రీ ఆయన. "స్తంభం సంగతి... నేనెప్పుడూ ఆలోచించలేదు."

"నేను ముందునుంచి" అంది టైలరమ్మ. "ఆ తలుపులు ఎవరివల్లా రావు కదా సార్. నేను... మీరు తిప్పుతున్నారేమో అని..."

"నేను వెనక గదిలో ఉన్నాను. అదీ ఇవాళే."

ముగ్గురూ వ్యాను వైపు తిరిగారు.

టిక్... టిక్... టిక్...

బ్యాటరీ ఎప్పుడో పోయిన ఆ వ్యానుకి, స్తంభం వైపు ఇండికేటరు వెలుగుతూ ఆరుతోంది.

చాక్‌పీసు జేబులోంచి అత్తరు రుమాలు తీశాడు. ఒక్కసారి ఆఖరిగా గుండెల నిండా వాసన పీల్చుకున్నాడు. వంగి, అదే రుమాలుతో టైరు మీద గీతని శుభ్రంగా తుడిచేశాడు.

"నేను కాలవలకే పోతానండీ" అన్నాడు చిన్న గొంతుతో. "ఇది వదిలేసిన బండి కాదు. దీనికి డ్రైవరున్నాడు."