పొన్నారి అడిగిన పొయ్యి నిప్పు

మణికేతన రాజ్యంలో దిక్కులేని పిల్లల్ని రాజుగారే పోషణాలయంలో పెంచేవారు. పద్దెనిమిదేళ్ళు నిండగానే మెడలో దండ వేసి, దీవించి, బయటికి పంపి తలుపు మూసేవారు. ఆ తలుపు వాళ్ళకు మళ్ళీ తెరవకూడదని శాసనం. పాపం, ఆ పిల్లలు ఎక్కడ పొయ్యి పెట్టుకున్నా అంటుకునేది కాదు. అమావాస్యలోగా పొయ్యి వెలగకపోతే బాట పక్కన రాళ్ళై నిలిచిపోయేవారు. ఎవరో రాక్షసుడి శాపమంటూ పెద్దలంతా చేతులు దులుపుకున్నారు.

పొన్నారి వంతు వచ్చింది. బయటికి రాగానే, తనకు జడలు వేసి పెంచిన వకుళక్క రాయై కనిపించింది. తను పెట్టుకున్న పొయ్యీ అంటుకోలేదు. పొన్నారికి ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది. ఆ రాక్షసుడి సంగతేదో తేల్చుకుందామని అడవిదారి పట్టింది.

మొదట ఒక ముని ఎదురయ్యాడు.

"స్వామీ, నా పొయ్యి అంటుకోవడం లేదు."

"ధైర్యంగా ఉండు తల్లీ. శుభం!"

"ధైర్యం ఉంది స్వామీ, నిప్పే లేదు!"

ముని అప్పటికే కళ్ళు మూసుకున్నాడు.

తరువాత గండభేరుండ పక్షి కనిపించింది. రాక్షసుడి గుహకు దారి అడిగితే, "ఆ తలనడుగు" అంది ఒక తల. "ఈ పని దానిదే" అంది రెండోది. అటూ ఇటూ తిరిగి పొన్నారి ప్రాణం విసిగిపోయింది.

"మీ ఇద్దరికీ పొట్ట ఒక్కటే కదా! రెక్కలూ అవే కదా! ఎవరో ఒకరు ఎగరండి!" అని అరిచింది.

పక్షి సిగ్గుపడి, ఆమెను గుహ ముందు దించింది.

పొన్నారి మాట విని రాక్షసుడు నోరు తెరిచాడు. "నేనెవర్నీ శపించలేదమ్మాయ్! నేను వేరుకాపురం పెట్టినప్పుడు మా అమ్మ తన పొయ్యిలోంచి నిప్పు కుండలో పెట్టి ఇచ్చింది. పెంచిన ఇంటి నిప్పు లేకుండా కొత్త పొయ్యి ఎలా వెలుగుతుంది? మీవాళ్ళు ఇవ్వలేదా?"

"దండ వేశారు."

"దండతో అన్నం వండుకుంటావా?"

"పోనీ, నీ నిప్పివ్వు."

"నాది పనికిరాదు. నీకు అన్నం పెట్టిన చెయ్యే ఇవ్వాలి."

పక్షి ఆమెను వెనక్కి తెచ్చేసరికి అమావాస్య సాయంత్రమైంది. పొన్నారి పాదాలు అప్పటికే బరువెక్కుతున్నాయి. ఆమె తలుపు దబదబా బాదింది.

"శాసనం తెలియదా? బయటికి పోయినవాళ్ళు మాకేమీ కారు," అన్నాడు కాపలావాడు లోపలినుంచే.

"ఇన్నేళ్ళు పెంచి, ఇప్పుడు ఏమీ కామా? గంగసానవ్వా! నీ పొయ్యిలో నిప్పివ్వవే!"

వంటమనిషి గంగసానమ్మ పరుగున వచ్చింది. "తలుపు తియ్యరా! తియ్యకపోతే నా చేతి కూడు నీకు ఈ పూటతో సరి!" అని కాపలావాణ్ణి గద్దించింది. సంగతి విని తల బాదుకుంది. "నా కూతురికి కుండనిండా నిప్పులిచ్చి పంపానే తల్లీ! మీకివ్వాలని నాకు తోచనేలేదు!"

పొన్నారి వకుళక్క పాదాల దగ్గరే మూడు రాళ్ళు పెట్టి, అవ్వ ఇచ్చిన నిప్పులు వేసి ఊదింది. మంట లేచింది. పొన్నారి పాదాలు తేలికయ్యాయి. రాయి కదిలింది.

"ఆకలేస్తోందే పొన్నారీ," అంది వకుళ.

అవ్వ బాట పక్కనున్న రాళ్ళన్నింటి దగ్గరా పొయ్యి వెలిగించింది. రాజుగారు తలవంచుకుని వచ్చి పోషణాలయాన్ని పొన్నారికి అప్పగించారు. ఆమె మొట్టమొదట ఆ తలుపు ఊడదీయించి, చీల్చి, వంటచెరుకు చేయించింది. నాటినుంచి ప్రతి బిడ్డా నిప్పుకుండతోనే బయలుదేరేది. సాగనంపుతూ పొన్నారి ఒక్కటే చెప్పేది:

"ఆరిపోతే మళ్ళీ రా. ఎన్నిసార్లయినా రా."