దాహగంధి

2071వ సంవత్సరం. అనంతపురం వైపు మెట్టచేలల్లో మధ్యాహ్నం మూడు దాటాక గాలి వీచిందంటే సంపెంగ వాసన వస్తుంది. అది పూలది కాదు, వేరుశనగ చేనుది. వేళ్ల దగ్గర తడి ఆరిపోతే ఆకులు అలా పరిమళిస్తాయి. ముక్కుకు తగలగానే రైతు డ్రిప్పు మీట నొక్కుతాడు. గంటా రెండు గంటల్లో వాసన తగ్గిపోతుంది. సంపెంగ వాసనంటే చేనుకు దాహమేసిందని అక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు.

దీన్ని కనిపెట్టింది డాక్టర్ నాగవేణి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మరి నోరులేని మొక్క ఎలా అడుగుతుంది? ఈ ఒక్క ప్రశ్నను పట్టుకుని ఆమె ముప్పయ్యేళ్లు పరిశోధనాశాలలో గడిపింది. నీరు తగ్గితే మొక్కలో ఒక హార్మోన్ పెరుగుతుంది. అది పెరగగానే మేలుకుని సువాసన నూనెలు తయారుచేసే ఎంజైమ్‌ను ఆమె వేరుశనగ ఆకులో అమర్చి, ఆ మొక్కకు 'దాహగంధి' అని పేరు పెట్టింది.

నిజానికి మొదట్లో ఆమె దగ్గర రెండు ఎంజైమ్‌లు ఉండేవి. ఒకటి సంపెంగ వాసన ఇచ్చేది, రెండోది కుళ్లిన ఉల్లిగడ్డ వాసన. రైతులను పిలిచి రెండూ చూపిస్తే అందరూ సంపెంగకే చెయ్యెత్తారు. ప్రయోగక్షేత్రంలో మొక్కలు చూసుకునే ఓబులేసు ఒక్కడే అడ్డం పడ్డాడు.

"ఉల్లిగడ్డదే పెట్టండి మేడం. ఆ కంపు తట్టుకోల్యాక ఉరికొచ్చి నీళ్లు పెడతారు."

"చాల్లే ఓబులేసూ, ఊళ్లన్నీ కంపు కొట్టిద్దామా?" అని ఆమె నవ్వేసింది.

ఆమె ఉద్యోగ విరమణ రోజున సన్మానం ఏర్పాటు చేశారు. హాల్లో అడుగుపెట్టగానే గుప్పుమని సంపెంగ వాసన. వేదికకు రెండువైపులా రెండు వందల దాహగంధి కుండీలు. నాగవేణి నేరుగా కుండీల దగ్గరికి నడిచింది. సంచిలోంచి 'తేమచూపు' పరికరం తీసి ఒక ఆకుకు తగిలించింది.

"ఆకులో నీరు ముప్పై ఒక్క శాతం. వెంటనే నీళ్లు పోయండి" అంది పరికరం.

"ఇవి ఎండిపోతున్నాయి కదయ్యా!" అంది ఆమె, సభ ఏర్పాట్లు చూస్తున్న కుర్ర అధికారితో.

"మీ కోసమే మేడం! నాలుగు రోజులుగా చుక్క నీళ్లు పోయలేదు. లేకపోతే ఇంత వాసన యాడొస్తాది? పెండ్లిండ్లలో గూడా ఇప్పుడు ఇవే పెడతాండారు."

"తర్వాత వీటినేం చేస్తారు?"

"ఏముంది మేడం, పారేస్తాం. కొత్తవి దొరుకుతాయి గదా."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. మొక్కకు నోరిచ్చాననుకుంది నాగవేణి. ఆ ఏడుపు జనానికి అత్తరైంది. ఆమెకు కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. లోపలికి రాగానే కప్పిన శాలువా కుర్చీలో పడేసి, తాగడానికి పెట్టిన సీసా ఎత్తి దగ్గరి కుండీలో పోసింది. ఓబులేసు బకెట్లు తెచ్చాడు. ఒక్కో కుండీ తడుపుతూ పోయేసరికి గంటకు పైనే పట్టింది. వాసన పల్చబడింది.

"ఎంత బాగుండె వాసన! అంతా పోగొట్టిరే" అని ముందువరుసలో ఒకాయన విసుక్కున్నాడు.

సాయంత్రం ఓబులేసు ఆమెను ఇంటి దగ్గర దించి, దండలు లోపల పెట్టడానికి వెంట వచ్చాడు. బాల్కనీలో ఒక కుండీ ఉంది. మొదటి దాహగంధి నుంచి వచ్చిన విత్తనాన్నే ఆమె ఏటేటా అందులో మళ్లీ వేసుకుంటోంది. ఆ తలుపు తీయగానే సంపెంగ వాసన ఇల్లంతా కమ్ముకుంది.

నాగవేణి గబగబా చెంబుతో నీళ్లు తెచ్చింది. ఓబులేసు వంగి ఆకు ముట్టుకున్నాడు. అది చేతిలో ముడుచుకుపోయి ఉంది.

"ఎప్పట్నుంచి వస్తాంది మేడం, ఈ వాసన?"

'ఇప్పుడే' అనబోయింది. ముప్పయ్యేళ్లు పక్కన పనిచేసిన మనిషి ముందు అబద్ధానికి నోరు రాలేదు.

"మొన్న పొద్దుటి నుంచి" అంది మెల్లగా. "ఈ వాసన ఉంటేనే నాకు నిద్ర పడుతుంది ఓబులేసూ. ప్రతిసారీ ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకుంటాను."

 ఓబులేసు ఆమె చేతిలోంచి చెంబు తీసుకుని నీళ్లు మొక్క మొదట్లో పోశాడు. మట్టి బుసబుసా తాగేసింది.

ఇంకాసేపట్లో వాసన పోతుంది. పోకముందే నాగవేణి, తనకు తెలియకుండానే, గుండెల నిండా మరోసారి పీల్చుకుంది.