గీత పడితే పిల్ల లేదు

జెద్దాలో సనయ్యా అనే షెడ్ల పేటలో కార్ల అద్దాలకు ఫిల్మ్ వేసేవాళ్లలో, వెంట్రుకంత గీత కూడా పడకుండా అంచులు కోసేది తనొక్కడేనని షాబాజ్ గొప్ప. ఆ గొప్పే అతని కొంప ముంచింది. అతను పెండ్లాడాలనుకున్న సబీనా ఆ మాట పోయి ఇంట్లో చెప్పింది.

పొద్దున్నే ఫోన్ చేసింది. "మా అబ్బా కారు తెస్తుండాడు. నీ చేతి పని చూస్తాడంట. అద్దం మీద గీత పడిందా, పెండ్లి మాట ఇంగ ఎత్తొద్దన్నాడు."

"నువ్వేమన్నావు?"

"బాగా చూడు అబ్బా అన్నా. నేనూ వస్తుండా, తమాషా చూసేకి."

సబీనా తండ్రి జమాలుద్దీన్ ఇరవై ఏళ్లుగా ఒక సౌదీ ఇంట్లో డ్రైవరు. సొంతానికున్న పాత కామ్రీ కారుని కన్నబిడ్డలా చూసుకుంటాడు. సలాం చెప్పి, చేతులు వెనక్కి కట్టుకుని, షాబాజ్ వీపు వెనకే నిలబడ్డాడు.

షాబాజ్ వెనక తలుపు అద్దానికి బయటివైపు సబ్బునీళ్లు చల్లి ఫిల్మ్ పరిచాడు. కొలతకు కోశాక దాన్ని లోపలివైపుకు మార్చాలి. బ్లేడు మొన విరిచి, కొత్త పదునుతో ఏటవాలుగా ఆనించాడు. ఫిల్మ్ తెగాలి, అద్దానికి తెలియకూడదు.

అప్పుడు కనిపించింది. అద్దానికి అవతల, కారు లోపల, జానెడు దూరంలో, సబీనా. స్కార్ఫ్ అంచు పళ్లతో పట్టుకుని నవ్వాపుకుంటోంది. అతను చూడగానే తానూ చేతులు వెనక్కి కట్టుకుని, ముఖం ముడిచి, అచ్చం వాళ్ల అబ్బాలా తలూపింది. వెనకున్న పెద్దాయనకు షాబాజ్ భుజాలు తప్ప ఏమీ కనబడవాయె.

నవ్వితే చెయ్యి కదులుతుంది. కదిలితే ఈ పిల్ల దక్కదు. షాబాజ్ పెదవి కొరుక్కుని ఒక పక్క కోశాడు. గీత లేదు.

రెండో పక్కకు వచ్చేసరికి ఆమె అల్లరి మానేసి, ఊరికే చూసింది. అంతే, కుర్రాడి చెయ్యి ఆగిపోయింది.

"ఏం బేటా, ఆపినావే?"

బ్లేడు మొండిదని చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ బ్లేడు పక్కన పెట్టేశాడు.

"చెయ్యి వణుకుతుంది చాచా. ఇప్పుడు కోస్తే గీత పడ్తాది. సబీనా లోపలుంటే నాకు చేత కాదు."

"నా కూతురేం చేసింది?"

"ఏం చేయలేదు. చూసింది. నాకు ఆమెంటే ప్రాణం చాచా."

లోపల సబీనా ముఖంలో కొంటెతనం ఎటు పోయిందో ఏమో, రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

జమాలుద్దీన్ అద్దం మీద వేలితో తట్టాడు. "దిగమ్మా. పిల్లోన్ని పని చేసుకోనియ్యి." ఆమె దిగింది. ఆయన షాబాజ్ వైపు తిరిగి, "మీ అమ్మకు ఫోన్ కలుపు," అన్నాడు.

"ముందే దిగమంటే దిగేదానివి గదా," షాబాజ్ గొణిగాడు.

"దిగేదాన్ని కాదు," అంది సబీనా.

ఊళ్లో షాబాజ్ అమ్మ ఫోన్ ఎత్తింది.

"అక్కా, జెద్దా నుంచి జమాలుద్దీన్‌ని. మీవానికి కారు అద్దం కోసేకి చేత కాలేదు. అందుకే మా పిల్లనిస్తుండాం."